‘మీ కోసమే’ అన్న మాటలో మేమెక్కడ? - ఆడవాళ్ల ఆరోగ్య యాప్‌ల మీద వొక పరిశీలన

ఆడవాళ్ల ఆరోగ్యం కోసం ఫోన్లలోకి వస్తున్న యాప్‌లన్నీ దాదాపు వొకే మాటతో మొదలవుతాయి: యిది మీ కోసమే. మీ నెలసరి, మీ గర్భం, మీ హార్మోన్లు, మీ తిండి. ఆసుపత్రి అందరికీ వొకే చీటీ రాసిస్తుంది, మేం మాత్రం మీ వొంటిని బట్టి సలహా చెబుతాం అంటాయవి. పత్రికల్లో దీన్ని విప్లవమంటున్నారు. స్త్రీ తన శరీరాన్ని తానే తెలుసుకునే సాధనం దొరికిందని కొందరు స్త్రీవాద మిత్రులు కూడా సంతోషపడుతున్నారు. ఆ సంతోషాన్ని మేం కొట్టిపారేయటం లేదు. కానీ ఆ ‘మీ’ ఎవరిని పిలుస్తోంది, ఎవరిని దాటిపోతోంది అని అడక్కుండా యీ చర్చ ముందుకు పోగూడదు. దళిత స్త్రీని వొక మనిషిగా పలకరించడం యీ దేశంలో మామూలుగా జరిగిన పని కాదు. ఆమెను కులం పేరుతో పిలిచారు, ‘ఏయ్’ అని పిలిచారు, రిజిస్టర్లలో లబ్ధిదారు అని రాశారు. యిప్పుడు వొక యంత్రం ‘మీరు’ అంటోందంటే కాస్త ఆగి చూడాల్సిందే.

పోయిన ఎండాకాలం మెదక్ జిల్లాలోని మా ఊరికి పోయినప్పుడు మా చిన్నమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మా ఫోన్లో వున్న నెలసరి యాప్ తెరిచాం. ఆమె పేరు మీద వొక ఖాతా చేద్దామని. పరిశోధన కోసమేం కాదు, నిజం చెప్పాలంటే సరదాకే. యాప్ తెలుగులోనే అడిగింది: మీ చివరి నెలసరి మొదటి రోజు ఎప్పుడు? మేం చదివి వినిపించాం. చిన్నమ్మ నవ్వింది. “సంచే లేకపాయె బిడ్డా, తారీకు యాడికెల్లి తెస్తా?” తారీకు వేయకుండా ఆ యాప్ ముందుకు పోలేదు. ‘నాకు గుర్తు లేదు’ అని నొక్కితే వొక అందాజా తారీకు తనే వేసుకుని, మరో పన్నెండు రోజుల్లో మీకు నెలసరి రావచ్చు అని చెప్పింది. “మంచిగనే జెప్తుంది, రానియ్” అన్నది చిన్నమ్మ.

ఆమెకిప్పుడు 43 ఏళ్లు. పదిహేనేళ్లకు పెండ్లి, పంతొమ్మిదికి యిద్దరు పిల్లలు, యిరవైకి పిల్లల ఆపరేషన్, యిరవై యేడుకు గర్భసంచి ఆపరేషన్. యీ వరుస చదివిన వాళ్లకు యిదొక విడి మనిషి కష్టంగా కనబడొచ్చు. మా వాడలో యిది బతుకు క్రమం. ఆ క్రమం యెంత పెద్దదో సర్కారు లెక్కలే చెబుతున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయి 15-49 ఏళ్ల మధ్య వున్న స్త్రీలలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన వాళ్లు దేశం మొత్తం మీద నూటికి 37.9 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 69.6, తెలంగాణలో 61.9. అంతకు ముందటి 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో నూటికి 3.2 వుంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. అన్ని రాష్ట్రాల్లోకీ పైన వున్నవి మన రెండు రాష్ట్రాలే. దేశంలో జరిగిన యీ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయని కూడా ఆ సర్వే చెప్పింది.

మరి యాప్ అడిగే రెండో ప్రశ్న ఏమిటి? మీరు గర్భం కోరుకుంటున్నారా, వద్దనుకుంటున్నారా? తెలుగు నేల మీద పెళ్లయిన ఆడవాళ్లలో మూడింట రెండు వంతుల మందికి యీ ప్రశ్న యిరవై, యిరవై రెండు, యిరవై అయిదేళ్ల దగ్గరే మూసుకుపోయింది. వాళ్లు దాన్ని నిర్ణయించుకున్నారా, వాళ్ల మీద నిర్ణయించారా అన్నది వేరే వ్యాసం. కానీ వొక శరీరానికి ముందే ఏం జరిగిందో అడగకుండా ఆ శరీరానికి ‘ప్రత్యేకంగా’ సలహా చెప్పడమంటే ఏమిటో మాకర్థం కాలేదు. యాప్ దృష్టిలో స్త్రీకి చరిత్ర లేదు, చక్రం మాత్రమే వుంది. యిరవై ఎనిమిది రోజులకోసారి తిరిగే చక్రం. దానికి అటూ యిటూ రెండు రోజుల తేడా వస్తే అదే ఆమె ‘వ్యక్తిత్వం’.

చిన్నమ్మకు సంచి ఎందుకు తీశారు? తెల్లబట్ట అవుతోందని, నడుం నొస్తోందని ఊళ్లో ఆరెంపీ దగ్గరికి పోయింది. ఆయన టౌన్‌లో వొక నర్సింగ్ హోంకు పంపాడు. అక్కడ స్కానింగ్ తీసి, సంచికి పుండయింది, వుంచుకుంటే క్యాన్సరైతది అన్నారు. నూటికి మూడు రూపాయల మిత్తికి యిరవై రెండు వేలు తెచ్చి ఆపరేషన్ చేయించారు. యిక్కడ ‘నివారణ’ అనే మాటను జాగ్రత్తగా చూడాలి. క్యాన్సర్ రాకుండా ముందే జాగ్రత్త పడటం మంచి మాటే. కానీ మా వాళ్ల దగ్గరికి ఆ మాట పరీక్షగా రాలేదు, బెదిరింపుగా వచ్చింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు పరీక్ష వుంది, అది పెద్ద ఖర్చయినదీ కాదు. అయినా 30-49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా వొక్కసారి ఆ పరీక్ష చేయించుకున్న వాళ్లు 2019-21 సర్వే నాటికి దేశంలో నూటికి యిద్దరు కూడా లేరు. పరీక్ష చేయని చోట క్యాన్సర్ పేరు చెప్పి కోసేశారు. యిష్టారాజ్యంగా సాగుతున్న యీ ఆపరేషన్ల మీద పడిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, కేంద్ర ఆరోగ్యశాఖ తయారుచేసిన మార్గదర్శకాలను రాష్ట్రాలు అమలు చేయాలని ఆదేశించింది. చిన్నమ్మ ఆపరేషన్‌కూ ఆ తీర్పుకూ మధ్య పుష్కరం దాటింది.

యీ యాప్‌లు పుట్టిన చోటును కూడా చూడాలి. ‘క్లూ’ బెర్లిన్‌లో పుట్టింది, ‘నేచురల్ సైకిల్స్’ స్వీడన్‌లో. యీ వ్యాపారానికంతటికీ ‘ఫెమ్‌టెక్’ అని పేరు పెట్టింది కూడా క్లూ స్థాపకురాలు ఐడా టిన్. అక్కడి స్త్రీలకు అవి అక్కరకొచ్చి వుండొచ్చు, మేం కాదనటం లేదు. మన దేశానికొచ్చేసరికి వాటి మీద మరో పూత పడింది. నెలసరి గురించి మౌనాన్ని ఛేదిస్తాం అంటారు. ఏ మౌనం? మూడు రోజులు బయట కూర్చోబెట్టడం, పూజగదిలోకి రానివ్వకపోవడం, పచ్చడి జాడీ ముట్టనివ్వకపోవడం - యివి అగ్రవర్ణ స్త్రీకి యింట్లో జరిగిన అవమానాలు. ఆ అవమానం నిజమే. కానీ మా వాడలో బయట కూర్చోవడానికి యిల్లే లేదు, కూర్చుంటే కూలీ లేదు. ముట్టయిన రోజు కూడా నాట్లకు పోయారు, పత్తి ఏరారు. మా సమస్య మౌనం కాదు. మా అమ్మలు పొలం గట్టు మీద గొంతెత్తే మాట్లాడుకున్నారు, బూతులతో సహా. మార్చుకోవడానికి చాటు, వుతుక్కోవడానికి నీళ్లు, ఆరేసుకోవడానికి ఎండ తగిలే చోటు లేకపోవడమే మా సమస్య. ఏడాది పొడవునా అంటరాని వాళ్లుగా వున్న వాళ్లకు మూడు రోజుల అంటు గురించి మాత్రమే వుపన్యాసం చెబితే అది ఎవరి విముక్తి?

యిక రెండో సంగతి. యాప్‌కు మనం చెప్పింది ఎక్కడికి పోతుంది? 2019లో లండన్‌లోని ప్రైవసీ ఇంటర్నేషనల్ అనే సంస్థ నెలసరి యాప్‌లను పరీక్షించింది. మన దేశపు కంపెనీ తయారుచేసిన ‘మాయా’ యాప్, వాడే మనిషి షరతులకు వొప్పుకోక ముందే, తెరిచిన క్షణం నుంచే ఫేస్‌బుక్‌కు సమాచారం పంపుతోందని బయటపెట్టింది. ఆ తర్వాత ఆ కంపెనీ ఫేస్‌బుక్ సాఫ్ట్‌వేర్‌ను తీసేసినట్టు చెప్పింది. కోట్ల మంది వాడే ‘ఫ్లో’ యాప్ కూడా, రహస్యంగా వుంచుతామని చెప్పి ఫేస్‌బుక్, గూగుల్ లాంటి కంపెనీలకు సమాచారం యిచ్చిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది, 2021లో రాజీ కుదిరింది. అదే వ్యవహారం మీద నడిచిన మరో కేసులో 2025 ఆగస్టులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జ్యూరీ ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాను తప్పుపట్టింది. 2022 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును తీసేసినప్పుడు అక్కడి ఆడవాళ్లు చాలామంది యీ యాప్‌లను ఫోన్లలోంచి చెరిపేశారు. రాసి పెట్టుకున్న తారీకే రేపు సాక్ష్యమవుతుందని వాళ్లకు అర్థమైంది.

అంగీకరిస్తున్నాను అనే బొత్తాం నొక్కామా లేదా అన్నదే యీ వాదాలన్నిటికీ కేంద్రం. సమ్మతి అన్న మాట వినగానే మాకు ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు, సుమారు పద్నాలుగు వేల మందికి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేశారు. అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రయోగాత్మక కార్యక్రమమది. వాళ్లలో చాలామంది భద్రాచలం ప్రాంతపు హాస్టళ్లలో చదివే ఆదివాసీ పిల్లలు. కొందరు పిల్లల మరణాల తర్వాత, మహిళా ఆరోగ్య సంఘాలు అడిగాక, 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. టీకా మీద మాకు ఫిర్యాదు లేదు, అది పనికొచ్చే టీకాయే. మా ఫిర్యాదు కాగితం మీద. పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి, 2,763 మీద హాస్టల్ వార్డెన్లో హెడ్‌మాస్టర్లో సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం యీ మొత్తం వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టింది.

మేం కూడా సాంఘిక సంక్షేమ హాస్టల్లో చదువుకున్న వాళ్లమే. వార్డెన్ సంతకమంటే ఏమిటో మాకు తెలుసు. దుప్పటి వచ్చిందని ఆయనే రాసుకుంటాడు, గుడ్డు తిన్నామని ఆయనే రాసుకుంటాడు. అలాంటి చేతే మన కడుపులోకి పోయే మందుకూ వొప్పుకుంది. అందుకే ‘నేను అంగీకరిస్తున్నాను’ అనే వాక్యంలో ఆ ‘నేను’ ఎవరు అన్నది మాకు వుత్త పండిత చర్చ కాదు. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చేశారు, 2025 నవంబరులో నిబంధనలు తెచ్చారు. సమ్మతి అడిగే నోటీసు ఎనిమిదో షెడ్యూల్ భాషల్లో కూడా దొరకాలని అందులో వుంది, అది మంచిదే. తెలుగులో రాసినా చదవలేని వాళ్ల సంగతి మాత్రం అందులో లేదు. అంతేకాదు, సర్కారు పథకాలూ రాయితీలూ యిచ్చే పేరుతో వాడుకునే సమాచారానికి ఆ చట్టమే వేరే దారి తెరిచి పెట్టింది.

మా వాళ్లు వుండేది ఆ వేరే దారిలోనే. ఆడవాళ్ల ఆరోగ్యంలో డిజిటల్ అనేది రెండంతస్తుల యిల్లు. పై అంతస్తులో స్త్రీ తన సమాచారం తనే ఎక్కించుకుంటుంది, ఆమెను ‘మీరు’ అంటారు, ఆమె వినియోగదారు. కింది అంతస్తులో ఆమె సమాచారాన్ని ఆశా వర్కరో, ఏఎన్ఎమ్మో, అంగన్‌వాడీ టీచరో ఎక్కిస్తారు. అక్కడ ఆమె వొక నంబరు, లబ్ధిదారు. ఎన్నో నెల, రక్తం ఎంత, ముందు ఎన్ని కాన్పులు - అన్నీ పైకి పోతాయి. కిందికి ఏం తిరిగొస్తుంది? 2025 జూలై నుంచి అంగన్‌వాడీలో యింటికిచ్చే సరుకులకు పోషణ్ ట్రాకర్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. గర్భిణి కెమెరా ముందు కళ్లు ఆర్పి, తను తనే అని రుజువు చేసుకుంటే తప్ప తిండి గింజలు రావు. సిగ్నల్ లేకపోయినా, ఎండకు మొహం నల్లబడి పోల్చుకోకపోయినా తిట్లు తినేది మళ్లీ అంగన్‌వాడీ టీచరే. పై అంతస్తులో యాప్ మనిషిని నమ్మించాలని చూస్తుంది, కింది అంతస్తులో మనిషి యాప్‌ను నమ్మించాలి.

అన్నిటినీ వొక్క గాట కట్టడం మాత్రం న్యాయం కాదు. 2016లో మొదలైన ‘కిల్కారీ’ని చూడండి. నాలుగో నెల గర్భం నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి, మొత్తం 72 ఫోన్ సందేశాలు. మామూలు బటన్ ఫోన్‌కే వస్తాయి, చదువు అక్కర్లేదు, ఆమె నెలను బట్టి మాట మారుతుంది. మా తల్లులకు చదువు లేదన్న సంగతి తెలిసిన వాళ్లెవరో దాన్ని తయారుచేశారు. అయినా మధ్యప్రదేశ్‌లో దాన్ని పరీక్షించిన పరిశోధకులు, తాత్కాలిక గర్భనిరోధక పద్ధతుల వాడకం కొద్దిగా పెరిగిందనీ, తల్లిపాలు మాత్రమే యివ్వడంలో తేడా రాలేదనీ తేల్చారు. ఫోన్ మగవాడి జేబులో వుంటే గొంతు ఎవరికి వినబడుతుంది? 2019-21 సర్వేలో తాము సొంతంగా వాడుకునే ఫోన్ వున్న స్త్రీలు తెలంగాణలో నూటికి 60, ఆంధ్రప్రదేశ్‌లో 48.9. ఎప్పుడైనా యింటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5, ఆంధ్రలో 21. ఆ తర్వాత పెరిగి వుండొచ్చు గానీ, మా చిన్నమ్మ యింట్లో యిప్పటికీ స్మార్ట్‌ఫోన్ వొక్కటే, అది కొడుకుది. యింకో మాట, కిల్కారీ మాట్లాడుతుంది గానీ వినదు. మా చిన్నమ్మ లాంటి వాళ్లకు చెప్పేవాళ్ల కరువు ఎన్నడూ లేదు, వినేవాళ్లదే కరువు.

ఫోన్లు రాకముందు కూడా యిలాంటి ప్రయత్నం జరిగింది. 1991లో అన్వేషి స్త్రీలు తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం మా యూనివర్సిటీ హాస్టల్లో చేతులు మారి మారి అట్ట వూడిపోయి మా దాకా వచ్చింది. మా వొంటి భాగాల పేర్లు మాకు తెలుగులో తెలిసింది ఆ పుస్తకంలోనే. అది కూడా చదువుకున్న స్త్రీకే అందింది, అందులోనూ మా వాడ పెద్దగా కనబడదు. కానీ చదివిన పేజీలను అది లెక్కపెట్టలేదు, చదివిన వాళ్ల పేర్లు ఎవరికీ అమ్మలేదు.

మా మీద మాకే వొక ప్రశ్న వుంది. మేం యాప్ వాడుతున్నాం కదా? వాడుతున్నాం. నెలసరి మూడు నాలుగు నెలలకోసారి వచ్చే రోజుల్లో, డాక్టర్ “లాస్ట్ డేట్ ఎప్పుడు” అని విసుక్కుంటే చెప్పడానికి ఫోన్లో రాసి పెట్టుకున్నాం, మేలు జరిగింది. మా హాస్టల్లో చాలామంది ఆడపిల్లలు అలాగే వాడతారు. వొక స్నేహితురాలి ఫోన్ పండక్కి యింటికి పోయినప్పుడు అన్న చేతికి చిక్కింది. ఆ యాప్‌లో నాలుగు చోట్ల గుండె బొమ్మలున్నాయి. ఆమె మరో కులం పిల్లవాణ్ని యిష్టపడుతోందని యింట్లో అప్పటికే అనుమానం. ఆ సెమిస్టర్ ఆమె తిరిగి రాలేదు. కంపెనీ సమాచారం అమ్ముకోవడం గురించి ఇంగ్లీషు వ్యాసాలు చాలా వున్నాయి. అన్న, తండ్రి, వార్డెన్ - యీ ముగ్గురి చూపు నుంచి ఏ పాస్‌వర్డ్ కాపాడుతుందో రాసిన వ్యాసం మాకింకా కనబడలేదు.

నిజంగా మనిషిని బట్టి నడిచే సాధనమంటే, మా లెక్కలో, అది మొదట అడగాల్సింది తారీకు కాదు. మీ వొంటి మీద యిప్పటిదాకా ఎవరేం చేశారు? ఎందుకు చేస్తున్నదీ మీకు చెప్పారా? ఆ కాగితం మీ దగ్గరుందా? యీ మూడు ప్రశ్నలకు యాప్ అక్కర్లేదు కూడా.

యిలా అంటున్నామంటే కారణం ఆ రోజే జరిగిన యింకో సంగతి. యాప్ మూసేశాక చిన్నమ్మను, ఆపరేషన్ కాగితాలేమైనా వున్నాయా అని అడిగాం. సందూకలోంచి వొక ప్లాస్టిక్ కవర్ తీసింది. రేషన్ కార్డు జిరాక్సులు, సంఘం పాసుబుక్కు, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన డిశ్చార్జి కాగితం. పదహారేళ్లుగా దాన్ని దాచింది, ఎవరూ చదివి చెప్పలేదు. ఇంగ్లీషులో వంకర చేతిరాత. ‘టి.ఏ.హెచ్. విత్ బి.ఎస్.ఓ.’ అని వుంది. మాకూ వెంటనే తెలియలేదు. వైద్యం చదువుతున్న జూనియర్‌కు ఫోన్ చేసి అడిగితే చెప్పింది: గర్భసంచి వొక్కటే కాదు, రెండు వైపులా అండాశయాలు కూడా తీసేశారని. యిరవై యేడేళ్లకు అవి తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు లెక్క. ఎముకలు పెళుసవుతాయి, గుండె జబ్బు భయం ముందే మొదలవుతుంది, అందుకు మందులూ పరీక్షలూ ఏళ్ల తరబడి చూసుకోవాలి. చిన్నమ్మకు వాటిలో వొక్కటీ ఎవరూ చెప్పలేదు. వొళ్లంతా ఆవిర్లు లేచి రాత్రిళ్లు బయట అరుగు మీద పడుకునేది, దయ్యం పట్టిందన్నారు. రెండేళ్ల కింద బోరు దగ్గర జారి చెయ్యి ఆనించినందుకే మణికట్టు విరిగింది.

మేం చెప్పడం అయ్యాక చిన్నమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. “మల్ల గవి గూడ దీసినందుకు పైసలు ఎక్కువ దీస్కున్రా బిడ్డా?” కాగితం వెనక్కి తిప్పి చూశాం. బిల్లు వివరం లేదు. “సరే, గందుల ఏమున్నదో నాకు తెలుగుల రాసియ్యి. ఈసారి డాక్టర్ కాడికి పోతే నేనే జూపిస్త.” మనవరాలి నోటుపుస్తకంలోంచి వొక పేజీ చించి యిచ్చింది. ఆపరేషన్ తేదీ, తీసినవేమిటి, అప్పటి వయసు, చేయి విరిగిన సంవత్సరం - పెద్ద అక్షరాలతో రాశాం. చదివి వినిపించమని రెండుసార్లు అడిగింది. పాత కాగితం మీద కొత్త కాగితం పెట్టి, అదే నాలుగు మడతల్లో మడిచి కవర్లో పెట్టుకుంది.